పాపిడికి పూసిన మందు

ఎమ్మార్వో ఆఫీసులో నా కుర్చీ పొట్టిది, టేబుల్ ఎత్తు. తల వంచి కంప్యూటర్ మీద టైపు చేస్తుంటే అవతల నిలబడ్డవాళ్లకు నా ముఖం కనబడేది కాదు, నడినెత్తి కనబడేది. నాకు అదే హాయి. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడటం అప్పట్లో నాకు చేతనయ్యేది కాదు. పేరేంటి, ఊరేంటి, ఇంటి నంబరెంత, ఈ మూడు ప్రశ్నలూ కీబోర్డును చూస్తూ అడిగేదాన్ని. టేకులపల్లిలో ఆ కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది దాటింది. అప్పుడు మాది ఇంకా ఖమ్మం జిల్లాయే.

ఒకరోజు రేషన్ కార్డులో వయసు దిద్దించుకోవడానికి అడవి లోపలి గూడెం నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. వెంట వచ్చినవాళ్లతో తన భాషలో మాట్లాడుతోంది, నాతో తెలుగులో. నేను టైపు చేస్తుంటే టేబుల్ మీదికి వంగింది.

"బిడ్డా, జెరమొచ్చి లేసినవా?"

"లేదమ్మా. ఎందుకు?"

"నెత్తి పల్సబడ్డది. నడిమిట్ల బండి తోవ పడ్డది సూడు."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె నిజంగానే అడిగింది. మా వైపు జ్వరాలు ఎక్కువ. వానాకాలం వెళ్లాక సగం ఊరు జుట్టు రాలి తిరుగుతుంది, చలికాలం వెళ్లేసరికి మళ్లీ వస్తుంది. ఎవరూ దాన్ని పట్టించుకోరు.

"అవ్, వచ్చింది," అన్నాను.

"మల్ల మొలుస్తదిలే," అని ఆమె తన వయసు సంగతికి వచ్చేసింది.

జ్వరం వచ్చిన మాట అబద్ధం కాదు. కానీ అది రెండు వానాకాలాల కింద. అప్పుడు రాలిన జుట్టు అప్పుడే తిరిగొచ్చింది కూడా. ఇప్పుడు జరుగుతున్నది వేరే. ఆ సంగతి నాకు, నా డైరీకి మాత్రమే తెలుసు అనుకున్నాను. అడవిలోంచి వచ్చిన మనిషి నిలబడిన చోటు నుంచే చూసేసింది.

నా డైరీలన్నీ నాన్నవే. ఆయన కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. ఏటా ఆఫీసులో ఒక డైరీ ఇచ్చేవాళ్లు, దాన్ని అలాగే తెచ్చి నాకు ఇచ్చేవాడు. అందులో నేను చదివిన పుస్తకాల గురించి, వాన గురించి, ఎవరితోనూ అనలేకపోయిన మాటల గురించి రాసుకునేదాన్ని. ఆ ఏడాది పేజీల కింది మూలల్లో ఇంకొకటి చేరింది. ఆదివారం ఆదివారం అద్దం ముందు నిలబడి, ప్లాస్టిక్ స్కేలు నెత్తి మీద ఆనించి పాపిడి ఎంత వెడల్పుందో చూసి, అంతే పొడవున అక్కడొక చిన్న గీత గీసేదాన్ని. స్కేలు కదిలిపోయేది, కొలత సరిగ్గా ఉండేది కాదు. అయినా పేజీలు వెనక్కి తిప్పితే గీత పెరుగుతోందని తెలిసిపోయేది.

అది ఎక్కడికి పోతుందో కూడా నాకు తెలుసు. మా నాయనమ్మ దగ్గరికి పోతుంది.

మాది క్రైస్తవ కుటుంబం. ఆడవాళ్లు ప్రార్థనలో తల మీద ముసుగు వేసుకుంటారు. మా సంఘంలో దానికోసం విడిగా తెల్లటి పలుచటి బట్ట ఉంటుంది, అంచుకు సన్న లేసు. మిగతా ఆడవాళ్లు ప్రార్థన కాగానే మడిచి సంచిలో పెట్టుకునేవాళ్లు. నాయనమ్మ పొద్దంతా వేసుకునే ఉండేది. గొప్ప భక్తురాలని ఊరంతా చెప్పుకునేవాళ్లు. ఆమెకు తలంటు పోసే పని చిన్నప్పుడు నాది. ముసుగు తీస్తే నడినెత్తి మీద చర్మం నున్నగా మెరిసేది, చుట్టూ నాలుగు తెల్ల వెంట్రుకలు. సబ్బు రుద్దుతుంటే, "నా నెత్తి సంగతి దేవునికెరుక, నీకెరుక," అనేది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె చనిపోయినప్పుడు కూడా ముసుగు తీయనివ్వకుండా నేనే దగ్గర కూర్చున్నాను.

గీతలు గీస్తున్న ఆ ఏడాది నాకు ఇరవై మూడేళ్లు. నాయనమ్మకు అలా అయ్యింది ముసలితనంలోనా, నా వయసులోనే మొదలైందా? అడగడానికి ఆమె లేదు.

ముసలమ్మ వచ్చిపోయిన తర్వాతి శనివారం సెలవు పెట్టి ఖమ్మం వెళ్లాను. ఇంట్లో గ్రూప్స్ పరీక్ష పుస్తకం కొనుక్కోవాలని చెప్పాను. బస్సులో నిలబడే వెళ్లాను, కారేపల్లి దాటాక సీటు దొరికింది. చర్మం డాక్టరమ్మ దగ్గర నా ముందు చాలామంది ఉన్నారు. అందరూ ముఖం మీద మచ్చలు, చేతి మీద గజ్జి, ఏదో ఒకటి కనబడేలా పట్టుకుని కూర్చున్నారు. నేను చున్నీ కప్పుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ పెద్దావిడ. నన్ను లైటు కింద కూర్చోబెట్టి, భూతద్దం పెట్టి, జుట్టును పాయలుగా విడదీస్తూ చాలాసేపు చూసింది. నా నెత్తిని అంతగా వెతికి ఇంకో మనిషి చూడటం అదే మొదలు. రక్తపరీక్ష రాసింది. సాయంత్రం ఆ కాగితం కూడా చూసి, థైరాయిడ్ బాగుంది, రక్తం కొంచెం తక్కువుంది, దానికి బిళ్లలు ఇస్తాను అంది.

"జ్వరానికి ఊడింది ఎప్పుడో తిరిగొచ్చింది. ఇది ఆ లెక్క కాదు. మీ ఇంట్ల ఎవరికన్నా ఉందా?"

"మా నాయనమ్మకు."

"అట్లనా. పోలిక వచ్చింది. పెళ్లయిందా?"

"కాలేదు మేడం."

"అయినంక, కడుపుతోని ఉన్నా, పాలిస్తున్నా ఈ మందు పూయొద్దు. నా దగ్గరికి రావాలె. గుర్తు పెట్టుకో."

తర్వాత ఒక చిన్న సీసా చూపించి, గీతలున్న డ్రాపరుతో ఎలా తీసుకోవాలో నేర్పింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొడి నెత్తి మీదనే పూయాలి, నూనె ఉంటే లోపలికి దిగదు. వెంట్రుకలకు కాదు, పాపిడి తీసి చర్మానికి పట్టించాలి. ముఖం మీదికి కారనివ్వకూడదు. పూశాక చేతులు కడుక్కోవాలి.

"మొదటి రెండు నెలల్లో ఇంకా ఎక్కువ రాలొచ్చు. అది చూసి ఏడ్చి మందు బంద్ చేసేటోళ్లే సగం మంది. నువ్వు బంద్ చేయకు. నాలుగు నెలలకు రా. ఇంకో మాట. మందు ఆరేదాకా దేనికీ అంటొద్దు. తడి నెత్తితో పండుకున్నవనుకో, మందంతా దిండు తాగుతది. దిండుకు జుట్టు మొలిస్తే నేనేం చేయలేను."

నేను నవ్వాను. బయటికొచ్చి బస్‌స్టాండు బెంచీ మీద కూర్చుని ఆమె చెప్పినవన్నీ మరిచిపోకముందే డైరీలో రాసుకున్నాను. దిండు మాట కింద గీత కూడా గీశాను. తర్వాత పాత పుస్తకాల దుకాణంలో ఒక నవల కొన్నాను. ఇంటికొచ్చేటప్పుడు నా సంచిలో దాచుకోవలసినవి రెండయ్యాయి.

మా కిరాయి ఇంట్లో మొత్తం రెండు గదులు, వెనక వంటకు రేకులు దింపిన సాయబాను. ముందు గదిలో కిటికీ పక్కన అమ్మ కుట్టు మిషన్. అమ్మ జాకెట్లు కుట్టేది, సంఘంలో ఆడవాళ్ల ముసుగులన్నీ ఆమె చేతివే. నడిమి గదిలో గోడకు అద్దం, దాని కింద నా పుస్తకాల రేకు పెట్టె. నా పెట్టెను ఎవరూ తెరవరు. సీసా అందులో పెట్టాను. అయిపోయినప్పుడల్లా చీటీ చూపించి ఇంకొకటి తెచ్చుకునేదాన్ని.

పొద్దున పూట సులువే. తెల్లవారి అమ్మ పాలకు వెళ్లగానే పూసుకుని, వాకిలి ఊడ్చి, గిన్నెలు తోమి, టిఫిను తిని, జడ వేసుకునేసరికి బాగా ఆరిపోయేది. ఇబ్బందల్లా నూనెతోనే. రోజూ నా తలకు నూనె రాసి జడ వేయడం అమ్మకు అలవాటు. నూనెకు జుట్టు అణిగి ఎవరి పాపిడైనా వెడల్పుగానే కనబడుతుంది కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. ఆఫీసులో కాగితాలకు నూనె మరకలు అంటుతున్నాయని పెద్దసారు కోప్పడ్డాడని చెప్పాను.

"నీ సారు ఇంట్ల ఆడోళ్లు నూనె రాసుకోరా ఏంది?" అంది అమ్మ. కానీ సర్కారు కాగితమంటే ఆమెకు భయం. ఆదివారం తలంటుకు ముందు మాత్రం రాయించుకోవాలనే ఒప్పందం మీద వదిలేసింది.

ఇక సాయంత్రం. చీకటి పడే వేళకు నాన్న లైను మీది నుంచి వచ్చి స్నానానికి వెళ్లేవాడు. అమ్మ మిషన్ ఆపి వంటింట్లోకి వెళ్లేది. నడిమి గదిలో నేనొక్కదాన్నే ఉండే సమయం ఆ పది నిమిషాలే. పెట్టె తెరిచి, పాపిడి తీసి, డ్రాపరుతో చుక్క చుక్కగా వేసి వేలితో అద్దుకునేదాన్ని. నెత్తి చల్లగా అయ్యేది, దవాఖానా వాసన వచ్చేది. ఆ వెంటనే ప్రార్థన. మా ఇంట్లో ప్రార్థన అయ్యాకే అన్నం. అది నాయనమ్మ పెట్టిన పద్ధతి. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, కరెంటు పోయినా మారలేదు. కరెంటు చాలాసార్లు పోయేది. లైన్‌మన్ ఇంట్లోనే దీపం లేదేందని పక్కింటివాళ్లు గోడ మీది నుంచి వెక్కిరిస్తుంటే నాన్న చీకట్లోనే పాట ఎత్తుకునేవాడు.

ప్రార్థనకు అరగంట, అన్నానికి ఇంకో అరగంట. పడుకునే వేళకు నెత్తి పొడిగా ఉండేది. దిండుకు చుక్క కూడా అంటలేదు. పైగా జుట్టు తడిగా, పాయలు పాయలుగా ఉండే ఆ మొదటి అరగంటలోనే ముసుగు నా తల మీద ఉండేది కాబట్టి అమ్మానాన్నలకు అనుమానం వచ్చేది కాదు. దేవుడే ఏర్పాటు చేసినట్టుందని డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

మూడో వారం నుంచి జుట్టు రాలడం మొదలైంది. డాక్టరమ్మ చెప్పే ఉంది కానీ, చెప్పడం వేరు, దువ్వెన నిండా చూసుకోవడం వేరు. స్నానాల గదిలో నీళ్లు పోయే తూముకు అడ్డం పడేది. అన్నంలో వచ్చింది. ఒకరోజు అమ్మ ఒక జాకెట్టు పట్టుకుని నా మీదికి వచ్చింది.

"ఏందే, గీ జాకెట్టు చంకల నీ వెంట్రుక. కుట్టుల పడి కుట్టుకపోయింది. చక్కిలిగిలి పెడుతుందని కుట్టించుకున్నామె ఇప్పి మొఖాన కొట్టిపోయింది."

"గా వెంట్రుక నాదే అని ఏముంది?"

"మరి నాదా? నాది తెల్లగున్నది. మీ నాన్నకు గంత పొడుగున్నదా?" అని, "నూనె మానేస్తే రాలక ఏమైతది! ఆ సారును పిలువు, ఆయన నెత్తికి రాస్త సీసెడు," అంది.

రాత్రి పెట్టెలోంచి డైరీ తీసి, 'బంద్ చేయకు' అని రాసుకున్న మాట మళ్లీ చదువుకునేదాన్ని. బంద్ చేయలేదు. రెండు నెలలు దాటాక రాలడం తగ్గింది. ఇక కొత్తది మొలవాలి. ఆదివారం గీతలు మానలేదు. అవి పెరగలేదు. తగ్గనూ లేదు.

నాలుగో నెలలో రెండోసారి ఖమ్మం వెళ్లాను. డాక్టరమ్మ మళ్లీ లైటు కింద పాయలు విడదీసింది.

"పక్కలకు సన్నగ మొలకలు కనబడుతున్నయి. కానీ నేను అనుకున్నంత లేదు. రెండు పూటలా పూస్తున్నవా?"

"ఒక్క పూట తప్పలేదు మేడం."

"నూనె?"

"ఆదివారం ఒక్కటే. అప్పుడు తలంటుకుని ఆరినంకనే పూస్తున్న."

"ఆరనిస్తున్నవా?"

"దిండుకు అస్సలు అంటనిస్తలేను."

ఆమె చేతిలో భూతద్దం కింద పెట్టింది. "కొందరికి పని చేయదు. ఇంకో రెండు నెలలు చూద్దాం," అని చీటీ రాసిచ్చింది.

కొందరికి పని చేయదు అన్న మాట బస్సంతా నాతో వచ్చింది. ఆ కొందరిలో నేనుంటానని నాకు గట్టిగా అనిపించింది. స్కూల్లో తప్పినవాళ్ల పేర్లు పిలిచేటప్పుడు కూడా నాకు అలాగే అనిపించేది. ఈ సీసా అయిపోయాక ఆపేస్తానని ఆ రోజు డైరీలో రాశాను. దాని కింద, ఎన్నేళ్లకు నాయనమ్మలా అవుతానో ఒక అంచనా కూడా వేసుకున్నాను. ముసుగు పొద్దంతా వేసుకుంటే నన్ను కూడా భక్తురాలనే అనుకుంటారు. ఆఫీసులో ఎలా?

సీసాలో వారానికి సరిపడా మందు మిగిలి ఉండగా ఒక శనివారం వచ్చింది. శనివారం అమ్మ ముసుగులు ఉతికే రోజు. ఆరాక మడత పెడితే ఆదివారానికి సిద్ధం. ఎప్పుడూ గంజి పెట్టి ఆరేసేది, ముసుగు నెత్తి మీద జారకుండా నిలబడాలని. అంతకుముందు వారమే మా ఇంట్లోకి కుక్కరు వచ్చింది. కుక్కరులో అన్నం వండితే గంజి ఉండదు. ఆ చిన్న మార్పే నా గుట్టు బయటపెట్టింది.

నేను వాకిట్లో కూర్చుని నవల చదువుతున్నాను. అమ్మ ఉతకడానికి బట్టలు బకెట్లో వేస్తూ ఆగింది. నా ముసుగు చేత్తో పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి, వెలుగుకు ఎత్తి చూసింది.

"ఏందే ఇది?"

"ముసుగు."

"ముసుగని నాకు తెల్వదా? కుట్టిందే నేను. పోయిన వారం గంజి పెట్టలే. మూడు ముసుగులుంటే నావి రెండు మెత్తగున్నయి. నీదొక్కటే నడిమిట్ల రేకు లెక్క ఎట్లయింది?"

బట్ట మడిచింది. మడత దగ్గర తెల్లటి పొడి రాలింది. అది మరకలా గుండ్రంగా లేదు. జానెడు పొడవున తిన్నగా ఒక పట్టీలా ఉంది, కొంచెం పసుపుపచ్చగా. అమ్మ దర్జీ. బట్ట మీద గీత కనబడితే అది ఒంట్లో ఎక్కడికి వస్తుందో చూడకుండా ఉండలేదు. నా దగ్గరికొచ్చి ముసుగు నా తల మీద పరిచింది. పట్టీ తిన్నగా నా పాపిడి మీద కూర్చుంది.

"గీడిదే ఈ గీత," అంది.

నాకు అప్పుడు అర్థమైంది. నాలుగు నెలలు సాయంత్రం పూసిన మందంతా ఎటు పోయిందో అమ్మ చేతిలో కనబడుతోంది. దిండు, దిండు అని గీత గీసుకున్నాను కానీ ముసుగు నా ఆలోచనలోకే రాలేదు. అది తల మీద వేసుకునే బట్ట అని నాకెప్పుడూ తోచలేదు. కళ్లు మూసుకోవడం, చేతులు కట్టుకోవడం ఎలాగో అదీ అలాగే. ప్రార్థనలో భాగం.

"దిండు తాగుతదన్నది గని..." అని మొదలుపెట్టి ఆపేశాను. నవ్వు వస్తుందో ఏడుపు వస్తుందో తెలియలేదు.

"దిండేంది? ఏం తాగుతది? సక్కగ చెప్పు."

లేచి వెళ్లి పెట్టెలోంచి సీసా తెచ్చి ఇచ్చాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. సీసాను అటూ ఇటూ తిప్పి, మూత తీసి వాసన చూసింది. నేను మొత్తం చెప్పాను. ముసలమ్మ అన్న మాట, డాక్టరమ్మ, నాయనమ్మ పోలిక, నూనె మాన్పించడానికి ఆడిన అబద్ధం, అన్నీ.

"అయితే నువ్వు ఖమ్మం పోయింది గ్రూప్స్ పుస్తకానికి కాదు."

"పుస్తకం కూడ కొన్న."

"ఏది?"

చేతిలో ఉన్న నవల చూపించాను. అట్ట మీద పడవలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

"గిదా గ్రూప్సు?" అంది అమ్మ. తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మిషన్ ముందు స్టూలు మీద, కిటికీ వెలుగులో కూర్చోబెట్టింది. జడ విప్పింది. బట్ట మీద దారాలు వెతికే వేళ్లు అవి, తొందరపడవు. పాయ పాయా విడదీసి చూసింది.

"కుట్టు ఇడిసింది గని బట్ట మంచిగనే ఉంది," అంది చివరికి. "పక్కల సన్నగ వస్తున్నయి. పొద్దుగాల పూసిన దానికే ఇన్ని వస్తే, రెండు పూటలది దిగితే రావా?"

అమ్మ దువ్వెన అందుకుంది.

"మీ నాయనమ్మతోని పదిహేనేండ్లు ఒక్క ఇంట్ల ఉన్న. ఒక్కనాడన్న నాకు నెత్తి సూపియ్యలే ఆమె. కోడలు నవ్వుతదనుకున్నదేమో. నేనెందుకు నవ్వుత? నువ్వు గూడ నాతోని గట్లనే ఉంటవా?"

"ఉండను," అన్నాను. అమ్మ అప్పటికే జడ అల్లడం మొదలుపెట్టింది, నూనె లేకుండా.

ఆ సాయంత్రం నాన్న స్నానం చేసి వచ్చి చాప మీద కూర్చున్నాడు. నేను మందు పూసుకుని, ముసుగు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వేసుకోవాలా వద్దా తెలియలేదు. అమ్మే మాట అందుకుంది.

"పిల్ల నెత్తికి మందు పూసుకుంటున్నది. నాలుగు నెలలు పూస్తే ముసుగు తాగింది. ఆరేదాక ముసుగెయ్యదు."

నాన్న నా వైపు చూశాడు. ఏం మందు, ఎందుకు అని అడగలేదు. నా నెత్తి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. తన తల్లి ఆయనకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

"తడి ఆరకముందే టేపు చుట్టినట్టయింది గద," అన్నాడు. తీగల పని చేసేవాడు, ఆయనకు అలా అర్థమైంది. "ఎంతసేపు ఆరాలె?"

"గంట అయితే మంచిది నాన్నా."

"ముసుగు లేకుంట కూసుంటవా మరి ప్రార్థనకు?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ, "కూసుంటే ఏమైతది? ఇంట్ల మనమే ఉన్నం," అంది. కానీ ఆ మాట అంటూ తన ముసుగును తానే సరిచేసుకుంది. నాకు కూడా మనసొప్పలేదు. పుట్టినప్పటి నుంచి ఆ చాప మీద తల కప్పుకోకుండా కూర్చోలేదు.

"ఆగుదాం నాన్నా. గంట ఆగి చేసుకుందాం."

"పొద్దున్నుంచి స్తంభాలెక్కి దిగిన. గంట ఆగాలంటే నా కడుపు ఆగదు."

"అయితే ముందు తిను," అంది అమ్మ.

ఆ ఇంట్లో ఆ మాట అదే మొదటిసారి వినబడటం. నాన్న గోడ మీద నాయనమ్మ ఫోటో వైపు చూశాడు. ఫోటోలో కూడా ఆమె ముసుగులోనే ఉంది.

"మా అమ్మ ఉంటే నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొడుతుండె," అన్నాడు.

"ఉంటే ఆమెకు గూడ తెచ్చిపెడుదుము సీసా," అంది అమ్మ, కంచాలు తేవడానికి లేస్తూ.

నాన్న రెండు ముక్కల్లో అన్నం ఇచ్చిన దేవునికి వందనాలు చెప్పి, తప్పు చేస్తున్నవాడిలా తలుపు వైపు చూస్తూ తిన్నాడు. గోంగూర పచ్చడి ఉన్నా రెండోసారి అడగలేదు. తర్వాత నా నెత్తిని అమ్మ వేలితో తాకి చూసి, ఆరిందంది. నేను ముసుగు వేసుకున్నాను. ప్రార్థనలో నాన్న నా సంగతి ఎత్తుతాడేమోనని భయపడ్డాను. ఎత్తలేదు. ఎప్పటిలాగే రోగుల కోసం, ప్రయాణం చేసేవాళ్ల కోసం, తీగల మీద పనిచేసేవాళ్ల కోసం ప్రార్థించాడు. కడుపు నిండిన మనిషి కాబట్టి ఎప్పటికంటే తొందరగా ముగించాడు, చివర్లో ఒక ఆవులింత కూడా వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో అన్నం ముందు, ప్రార్థన తర్వాత. తలుపు వైపు చూడకుండా తినడానికి నాన్నకు నెల పట్టింది.

ఆ సీసా అయిపోయింది. ఇంకొకటి తెచ్చుకున్నాను, ఈసారి అమ్మ కూడా ఖమ్మం వచ్చింది. ముసుగు సంగతి చెబితే డాక్టరమ్మ మొదట నవ్వి, తర్వాత తన కాగితం మీద ఏదో రాసుకుంది. మా వైపు నుంచి వచ్చేవాళ్లను ఇక ఆ మాట కూడా అడుగుతానంది.

అద్భుతమేమీ జరగలేదు. మొలకలు నెమ్మదిగా వచ్చాయి, పసిపిల్ల జుట్టులా సన్నగా, రంగు తక్కువగా. కొన్ని బలపడ్డాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. ఆదివారం గీతలు కొంచెం చిన్నవయ్యాయి, తర్వాత ఒకచోట నిలిచాయి. పూర్వంలా కాలేదు. మందు ఆపితే వచ్చింది కూడా పోతుందని డాక్టరమ్మ చెప్పింది, అందుకని ఆపలేదు. సీసా ఇప్పుడు పెట్టెలో ఉండదు. అద్దం కింద, దువ్వెన పక్కన ఉంటుంది.

మరుసటి ఏడాది ఆ గూడెం ముసలమ్మ మళ్లీ ఆఫీసుకు వచ్చింది. కార్డులో వయసు సరిగ్గానే పడింది, ఇప్పుడు పింఛను కోసం వచ్చింది. ఆమె వెనక పదిమంది దాకా ఉన్నారు. నేను టైపు చేస్తుంటే పోయినసారిలాగే టేబుల్ మీదికి వంగింది.

"నయమే బిడ్డా. జెరం పోయినట్టుంది."

కీబోర్డు వైపు చూస్తూ అవ్ అనేసి ఉండొచ్చు. తలెత్తాను. ఆమె కళ్లు పొరలు పట్టి బూడిద రంగులో ఉన్నాయి. ఆ కళ్లతోనే ఆ రోజు చూసింది.

"జెరం కాదమ్మా. మా నాయనమ్మ పోలిక. నెత్తికి మందు పూస్తున్న."

"గట్లనా," అంది ఆమె. "రోజు పూయాల్నా?"

"రోజూ. రెండు పూటలా."

వెనక ఈసారి ఎవరూ నవ్వలేదు. వరుసలో మూడో మనిషి, చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె, కొంగు తల మీదికి లాక్కుని, ముందున్నవాళ్లను పక్కకు జరిపి నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"ఏం మందు మేడం?" అని మెల్లగా అడిగింది.

చంటిపిల్ల ఇంకా పాలు తాగుతోందా అని ముందు అడిగాను. అవునంది. అయితే నా మందు పేరు వద్దు, డాక్టరుకు చూపించుకోవాలి అని, ఒక తెల్ల కాగితం చింపి ఖమ్మంలో ఆ దవాఖానా ఏ వీధిలో ఉందో రాయడం మొదలుపెట్టాను. ముసలమ్మ టేబుల్ మీద మోచెయ్యి ఆనించి, తన పింఛను కాగితం కోసం ఎదురు చూస్తూ నిలబడింది.